గాజుకు అతుక్కుపోయిన నాన్నమ్మ ఫొటో: బాగు చేయించాలా, అలాగే వాడుకోవాలా?

ఉప్పుగాలి · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది విశాఖలో కంచరపాలెం, బర్మా క్యాంప్ దగ్గర. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు కెమెరా. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపికపట్టండి.

మా నాన్నమ్మకు ఉన్నది ఒక్కటే ఫొటో. రంగూన్‌లో ఏదో స్టూడియోలో తీసింది. 1941 డిసెంబర్‌లో రంగూన్ మీద బాంబులు పడ్డాక వాళ్లు నడిచి వచ్చేశారు. బట్టల మూటలో ఆ ఫొటో కూడా వచ్చింది. నాన్నకు తొమ్మిదేళ్లప్పుడు ఆవిడ పోయారు. నేను చూడలేదు.

2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు మా కిటికీ రెక్క ఊడిపోయింది. గోడ మీదున్న ఫ్రేములోకి నీళ్లు దిగాయి. వారం పాటు కరెంటు లేదు, ఇల్లు సర్దుకునే హడావిడిలో దాన్నెవరూ పట్టించుకోలేదు. ఆరాక చూస్తే ఫొటో గాజుకు అతుక్కుపోయి ఉంది. ఎడమ కన్ను, ముక్కు, కొంత పెదవి కరిగిపోయి తెల్లటి మరక. చుట్టూ బూజు తీగలు.

రెండేళ్ల క్రితం ఒక షాపులో ఇచ్చి కంప్యూటర్‌లో బాగు చేయించాను. రంగులు కూడా వేసి ఇచ్చారు. తెల్లటి ఛాయ, నున్నటి బుగ్గలు, కుడివైపు ముక్కుపుడక ఎడమవైపుకు వచ్చేసింది. నాన్న చాలాసేపు చూసి "ఎవరే ఈవిడ?" అన్నారు. ఆ ప్రింటు బీరువా మీదకెక్కింది.

ఇప్పుడు నా ఆలోచన ఏమిటంటే, ఆ మరకతోనే, బూజుతోనే ఫొటో తీసి, దాన్ని చేత్తో ఎండలో ప్రింట్ చేద్దామని. రకరకాల కాగితాల మీద, వరుసగా. ఇలా చేసేవాళ్ల పనులు కొన్ని చూశాను. కానీ మా అత్త "పోయినావిడ మొహం మీద మరకని గోడకు పెడతావా, అరిష్టం" అంటోంది. మీరేమంటారు? అసలు దీన్ని ఫొటోగ్రఫీ అంటారా?

హైపోతాత · ఆదివారం రాత్రి 10:25

అమ్మాయ్, ముందు పని మాట. గాజు నుంచి ఆ ఫొటోని పీకొద్దు. బొమ్మ ఉండేది కాగితంలో కాదు, పైనున్న జిలాటిన్ పొరలో. తడిసి ఆరినప్పుడు ఆ పొర గాజుకు బంకలా పట్టేసింది. లాగావా, మొహం గాజు మీద, కాగితం నీ చేతిలో మిగులుతాయి. నానబెట్టి తీద్దామని కూడా చూడకు. గాజుతో సహా అలాగే ఉంచి, రెండు పక్కల నుంచి ఏటవాలుగా లైటు వేసి, కెమెరాని తిన్నగా పెట్టి కాపీ తీసుకో. గాజులో నీ నీడ పడకుండా నల్ల గుడ్డ అడ్డం పెట్టు. వెనక అట్ట ఉంటే తీసేసి గాలి తగలనివ్వు.

ఇక షాపువాడి సంగతి. వాణ్ణి తిట్టడానికి నాకు మొహం చెల్లదు. వన్‌టౌన్‌లో ముప్పై ఎనిమిదేళ్లు స్టూడియో నడిపాను. నెగటివ్ మీద పెన్సిలుతో టచింగ్ చేసి ఎంతమందిని తెల్లబరిచానో లెక్కలేదు. ప్రింటు మీద ఫెర్రిసయనైడ్, హైపో అనే మందులు కలిపి సన్న బ్రష్‌తో కళ్లు, పళ్లు మెరిపించేవాళ్లం. పెళ్లిచూపుల ఫొటోలో మచ్చ తీసేయమని తల్లులే అడిగేవారు. మొగుడు పోయిన మనిషి వస్తే, ఆయన పాస్‌పోర్ట్ ఫొటో తెచ్చి పక్కన అతికించి జంట ఫొటో చేసిచ్చాను, ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. అది అబద్ధమా? అప్పుడు అనిపించలేదు.

రంగూన్ నుంచి వచ్చారంటున్నావు. ఇక్కడికొచ్చి ఊపిరి పీల్చుకునేలోపే 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా బాంబులు పడ్డాయి. మా నాన్న చెప్పేవాడు, ఊరు సగం ఖాళీ అయిందని. అదంతా దాటిన ఫొటో గాలివానకు చిక్కింది చూడు.

షట్టర్_శ్రీను · సోమవారం ఉదయం 7:15

తాతగారి మాటకు ఎదురు కాదు గానీ నాది సూటి ప్రశ్న. నేను పెళ్లిళ్లు తీస్తాను. ఫోకస్ ఒక్క వెంట్రుక పోతే కస్టమర్ డబ్బులు కోస్తాడు. అదే ఒకడు మసక ఫొటో తీసి, కాగితం కాల్చి, గ్యాలరీలో పెడితే "జ్ఞాపకం", "అస్తిత్వం" అంటారు. హైదరాబాద్ మాదాపూర్ ఆర్ట్ గ్యాలరీలో ఫొటోగ్రఫీ ఫెస్టివల్‌కి వెళ్లాను. బాగున్నవి చాలా ఉన్నాయి. కొన్నింటి ముందు మాత్రం పక్కన అతికించిన వ్యాసం చదివితే గానీ బొమ్మ ఏమిటో తెలియలేదు. వ్యాసం చదవాలంటే పుస్తకం కొనుక్కుంటాను కదా.

చెల్లెమ్మని అనడం లేదు. బూజు బూజే, దాన్ని ఆర్ట్ అనడం మాత్రం నాకు ఎక్కదు.

చిత్తడిరంగు · సోమవారం ఉదయం 11:02

శ్రీను గారూ, వ్యాసాల బాధ నాకూ ఉంది. యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివినదాన్ని, అలాంటివి రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఉప్పుగాలి గారి ప్రశ్నకు దగ్గరగా ఉన్న పని ఒకటి చెప్తాను, వ్యాసం లేకుండానే అర్థమవుతుంది.

దక్షిణాఫ్రికాలో లెబొహాంగ్ క్గాన్యే అనే ఫొటోగ్రాఫర్. వాళ్లమ్మ పోయాక ఇంట్లో అమ్మ పాత ఫొటోలు, ఆ ఫొటోల్లో కట్టుకున్న బట్టలే దొరికాయి. ఈవిడ ఆ బట్టలు వేసుకుని, ఆ చోట్లకే వెళ్లి, అమ్మ నిలబడినట్టే నిలబడి ఫొటో తీయించుకుంది. తర్వాత తన బొమ్మని అమ్మ ఫొటో మీద పలచగా కలిపింది. ఒకే వాకిట్లో ఇద్దరు, ఒకరు గట్టిగా, ఒకరు నీడలా. ఎవరు ఎవరి నీడో కాసేపు తెలియదు. 2013లో చేసిన పని. 2024లో డాయిచె బోర్స్ అనే పెద్ద ఫొటోగ్రఫీ బహుమతి ఆవిడకే వచ్చింది.

ఇక మన దగ్గర బెంగళూరు పుష్పమాల. 2000 నుంచి 2004 వరకు క్లేర్ ఆర్నీ అనే ఫొటోగ్రాఫర్‌తో కలిసి దక్షిణాది ఆడవాళ్ల బొమ్మల్ని మళ్లీ కట్టింది. రవివర్మ లక్ష్మీదేవి, పేపర్లో పడిన దొంగల ఫొటో, తెల్లవాళ్లు కొలతల కోసం తీసిన ఆదివాసీల ఫొటో, అన్నిట్లోనూ తనే వేషం. మన పగటివేషగాళ్లని తలచుకోండి. పొద్దున శివుడు, మధ్యాహ్నం పోలీసు, వేషం లోపల ఎవరో ఊరందరికీ తెలుసు, అయినా చూస్తారు. దగ్గరికెళ్లి చూస్తే పరదా ముడతలు, వేషం కుట్లు కనిపించేలా వదిలేసింది. షాపువాడు ఉప్పుగాలి గారి నాన్నమ్మని లక్ష్మీదేవిని చేసి కుట్లు దాచేశాడు. నాకు కనబడే తేడా అదొక్కటే.

తెప్ప · సోమవారం సాయంత్రం 6:48

నాది పెదజాలరిపేట, ఇక్కడి జాలర్ల పేట. ఈ గ్రూపులో ఎప్పుడూ రాయలేదు, చదివి పోతుంటాను. పైన "కొలతల కోసం తీసిన ఫొటో" అన్నారు కదా, దాని గురించి.

1860ల చివర్లో లాంప్రీ అనే ఆయన పట్టుదారాలతో రెండేసి అంగుళాల గళ్ల తెర కట్టి, దాని ముందు మనుషుల్ని నిలబెట్టి తీసే పద్ధతి పెట్టాడు. ఏ మనిషి చెయ్యి ఎన్ని గళ్లో లెక్కపెట్టుకోడానికి. మన మద్రాసు ప్రెసిడెన్సీలో థర్స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలుచుకుంటూ తిరిగాడు. 1909లో ఏడు సంపుటాలుగా కులాలని అచ్చు వేశాడు. అందులో కొండల్లోని సవరలున్నారు, మా జాలర్లూ ఉన్నారు. మా వాళ్లు ఏం చేస్తారో, ఎలా ఉంటారో ఆయన రాసినదే చాలాకాలం పుస్తకంలో మాట.

ఇప్పుడు గళ్ల తెర లేదు. ఆదివారం ఆరింటికి ఫొటోవాక్ ఉంది, అంటే కెమెరాలతో గుంపుగా తిరుగుతూ ఫొటోలు తీయడం. పాతిక మంది పొడుగు లెన్సులతో దిగుతారు. మూడేళ్ల క్రితం మా అమ్మ చేపలు ఏరుతుంటే ఒకాయన తీసి పోటీకి పంపాడు. బహుమతి వచ్చింది. పేరు "కన్నీటి కడలి". మా అమ్మ ఏడవడం లేదు. ఎదురెండ కొట్టి కళ్లు చికిలించింది. ఎవరో ఫోన్‌లో చూపిస్తే "నానెందుకేడిసేను?" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అందుకని ఉప్పుగాలి గారికి నా మాట ఒక్కటే. మీ నాన్నమ్మ, మీ ఇష్టం. మీ ఇంటి మరక మీరే చూపించుకుంటున్నారు. కానీ రేపు ఇదే పద్ధతి పట్టుకుని ఎవరైనా మా గోడల చెమ్మ, మా అమ్మల ముడతలు ప్రయోగం అంటూ వస్తే నేను వేరేగా మాట్లాడతాను.

చిత్తడిరంగు · సోమవారం రాత్రి 8:30

తెప్ప గారూ, మీరు చెప్పింది పడ్డవాళ్లకే తెలుస్తుంది. గౌరీ గిల్ పని మీకు నచ్చవచ్చు, చూడండి. మహారాష్ట్రలో జవ్హార్ అని ఆదివాసీ ప్రాంతం, అక్కడ బోహాడా పండగకి కాగితపు గుజ్జుతో దేవుళ్ల మాస్కులు చేస్తారు. 2015లో ఈవిడ అక్కడి కళాకారుల్ని అడిగింది: దేవుళ్లవి కాకుండా, మీ రోజువారీ బతుకువి చేస్తారా అని. వాళ్లు ముసలివాళ్లు, జబ్బుపడ్డవాళ్లు, పాము, టీవీ, అన్నీ చేశారు. అవే పెట్టుకుని ఆసుపత్రిలో, కొట్లో, ఇంట్లో కూర్చున్నారు. ఏ మొహం చూపించాలో నిర్ణయించింది ఫొటోలో ఉన్నవాళ్లే. ఒకసారి వెళ్లి వచ్చేసిన పని కాదు, ఏళ్ల తరబడి సాగుతోంది.

షట్టర్_శ్రీను · సోమవారం రాత్రి 9:11

తెప్ప తమ్ముడూ, ఆ ఫొటోవాక్‌లలో నేనూ ఒకటి రెండుసార్లు వచ్చాను. ఆ ఫొటో నాది కాదు. కానీ అలాంటిది నా హార్డ్ డిస్క్‌లో లేదని చెప్పలేను.

తెప్ప · సోమవారం రాత్రి 9:40

పర్లేదన్నా. మిగతాది కూడా చెప్తాను. ఆ గొడవయ్యాక నేనే ఒక పాత కెమెరా కొన్నాను. అమ్మని "నిన్నెలా తీయమంటావు?" అని అడిగాను. "ఏటి, మళ్లీ సేపల గంపతోనేనా? పట్టుసీర కట్టుకోనియ్యి" అంది. పూలు పెట్టుకుని, అక్క గొలుసు వేసుకుని, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో, వెనక నీలం టార్పాలిన్ కట్టించి కూర్చుంది. ఇప్పుడు మా వీధిలో పదకొండు మంది ఆడవాళ్లు అలా తీయించుకున్నారు. టార్పాలిన్ అదే, కుర్చీ అదే. ఒకావిడ మాత్రం బోటు ఇంజను పక్కన కూర్చుంటానంది, లోను కట్టేది తనే కాబట్టి.

షట్టర్_శ్రీను · సోమవారం రాత్రి 9:52

తప్పుగా అనుకోవద్దు, ఇది మామూలు స్టూడియో ఫొటోనే కదా. ప్రయోగం ఎక్కడుంది?

హైపోతాత · సోమవారం రాత్రి 10:05

స్టూడియో ఫొటో అంటే మామూలు అంటున్నావా శ్రీనూ! మా స్టూడియోలో అట్ట మోటారుసైకిలు, అట్ట చందమామ, విమానం కిటికీ ఉండేవి. హార్బరులో మూటలు మోసే కుర్రాడు మా కోటు వేసుకుని, మా వాచీ పెట్టుకుని, విమానం కిటికీలోంచి చూస్తూ దిగేవాడు. వాడి ఇంట్లో గోడకు ఉన్నది ఆ కుర్రాడే, మూటలు మోసేవాడు కాదు. ఇంజను పక్కన కూర్చున్న తల్లి ఫొటో పెద్ద సైజులో వేయించు బాబూ తెప్పా. డబ్బులు నేనిస్తాను.

షిప్‌యార్డ్_డ్రాయింగ్ · మంగళవారం ఉదయం 6:20

ఎండలో ప్రింట్ అన్నారు కాబట్టి వచ్చాను. అమ్మాయి చెప్పేది నీలం ప్రింటా? సయనోటైప్? అదే మా బ్లూప్రింట్. 1842లో హెర్షెల్ కనిపెట్టాడు. తర్వాత ఇంజినీర్లు పట్టుకుని ఓడలు, వంతెనలు అన్నీ దాని మీదే గీశారు. నేను చేరేనాటికి అమ్మోనియా ప్రింట్లు వచ్చేశాయి. అయినా పాత నీలం షీట్లు బీరువాల్లో ఉండేవి. 1948లో ఇక్కడ నెహ్రూ గారు 'జలఉష' ఓడని నీళ్లలోకి దింపినప్పుడు డ్రాయింగులు ఏ రంగులో ఉండేవో అని మేం పందేలు వేసుకునేవాళ్లం.

కొలత ఇదీ. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్లలో. పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు ఇంకో 100లో. విడివిడిగా నల్లసీసాల్లో ఉంచి, వాడేముందు సమానంగా కలపాలి. పేరులో సయనైడ్ ఉందని ఇంట్లో టెన్షన్ పడతారు. మామూలుగా వాడితే భయం లేదు. గాఢమైన ఆసిడ్లకీ నిప్పుకీ మాత్రం దూరంగా ఉంచండి, వంటింటి గిన్నెలు వాడొద్దు, గ్లోవ్స్ వేసుకోండి. కాగితానికి పూసి చీకట్లో ఆరబెట్టి, పైన నెగటివ్ పెట్టి, గాజుతో నొక్కి ఎండలో పెట్టండి. తర్వాత మామూలు నీళ్లలో కడిగితే నీలం నిలుస్తుంది.

ఎర్రమట్టి · మంగళవారం మధ్యాహ్నం 1:15

భీమిలి నుంచి. కెమికల్స్ దాకా ఎందుకండీ, పసుపు ఉంది. తెల్ల చీర మీద పసుపు మరక పడితే మన అమ్మలు ఏం చేస్తారు? తడిపి ఎండలో ఆరేస్తారు, పోతుంది. ఆ పోవడమే ప్రింటు. పసుపుని స్పిరిట్‌లో కలిపి, వడగట్టి, కాగితానికి రెండుసార్లు పూయండి. ఓహెచ్‌పీ షీటు (పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు) మీద ఫొటోని ఉన్నదున్నట్టు వేసుకోండి, నెగటివ్ అక్కర్లేదు, ఎండ తగిలిన చోటే తెల్లబడుతుంది కాబట్టి. కొన్ని గంటలు ఎండబెట్టాక వంటసోడా నీళ్లు చల్లితే పసుపు కాస్తా ఎరుపు గోధుమరంగుకి తిరుగుతుంది. దిష్టి నీళ్లలో సున్నం కలిపినప్పుడు ఎర్రబడేది కూడా ఇలాగే. ఉప్పుగాలి గారి అత్తగారు అరిష్టం అన్నారు కదా, దిష్టి తీసినట్టూ అవుతుంది.

ఒక లోపం ఉంది. ఇది నిలవదు. గోడకు పెడితే వెలుతురుకి రోజురోజుకీ వెలిసిపోతుంది. వియత్నాంలో పుట్టి అమెరికాలో ఉండే బిన్ డాన్ అనే ఆయన యుద్ధంలో పోయినవాళ్ల మొహాల్ని పచ్చి ఆకుల మీద ఎండతోనే ప్రింట్ చేశాడు. అవి కూడా పాడైపోతాయని ఆకుల్ని గాజులా గట్టిపడే రెజిన్ బంకలో పోతపోసి ఉంచాడు. నేను చేమాకు మీద ప్రయత్నించాను. రెండు రోజులకు మా తాత మీసాలు వచ్చాయి, మూడో రోజు మేక తినేసింది.

ఉప్పుగాలి · శనివారం రాత్రి 11:30

వారం నుంచి చదువుతూనే ఉన్నాను, జవాబివ్వలేదు, క్షమించండి. డాబా మీదే ఉన్నాను.

మొదట తాతగారు చెప్పినట్టు గాజుతోనే కాపీ తీశాను. తర్వాత నీలం ప్రింట్లు. మొదటి ఆరూ పోయాయి. మన ఊరి చెమ్మకి పూసిన కాగితం ఆరదు. ఆరకముందే పెడితే తెల్లగా ఉండాల్సిన చోటంతా నీలంగా మసకేసింది. ఏసీ గదిలో ఫ్యాను కింద ఆరబెడితే ఏడోది వచ్చింది, ఎనిమిది నిమిషాల ఎండకి. బోరు నీళ్లలో కడిగితే నీలం పలచబడింది. షిప్‌యార్డ్ గారికి ఫోన్ చేస్తే నీళ్లలో చాకలిసోడా లాంటి క్షారం ఉంటే నీలాన్ని తినేస్తుంది, నిమ్మకాయ పిండమన్నారు. పిండాను. నిలిచింది.

ఒక చిత్రం జరిగింది. నెగటివ్ కాబట్టి, ఎండలో ఉన్నంతసేపూ నాన్నమ్మ మొహం మీది తెల్లమరక షీటులో నల్లగా ఉంటుంది. కడిగాక మళ్లీ తెల్ల కాగితం. మిగతా అంతా నీలం. కన్నూ ముక్కూ ఉండాల్సిన చోట ఏ రంగూ లేదు, ఉత్త కాగితం పీచు కనబడుతోంది. నాకు అదే నచ్చింది.

నాన్నకి చూపించాను. ఏమీ అనలేదు. షాపువాడి ప్రింటుని తప్పు పట్టిన మనిషి దీన్ని తప్పు పట్టలేదు, అంతే.

హైపోతాత · ఆదివారం ఉదయం 5:50

అమ్మాయ్, ఒక మాట అడుగుతాను, బాధపడకు. మీ నాన్నకి తొమ్మిదేళ్లప్పుడు ఆవిడ పోయింది. తర్వాత అరవై ఏళ్లుగా ఆయన రోజూ చూసింది ఆ ఫొటోని. మరి "ఈవిడ కాదు" అన్నప్పుడు ఆయన గుర్తుచేసుకున్నది అమ్మనా, ఫొటోనా? నా స్టూడియోలో ఈ అనుమానం చాలాసార్లు వచ్చింది. పిల్లలు తల్లి ఫొటో తెచ్చి పెద్దది చేయమని, "ఇదే అమ్మ, ఇలాగే ఉండేది" అనేవారు. ఆ ఫొటో తీసినవాణ్ణి నేనే. ఆవిడ అలా ఉండేది కాదు. నేను "గడ్డం కిందికి, ఊపిరి బిగించు" అంటే ఒక్క క్షణం అలా ఉంది.

ఫొటోలో లేనిది ఏదైనా ఆయనకి గుర్తుందేమో అడుగు.

చిత్తడిరంగు · ఆదివారం ఉదయం 10:10

ఇంకో ఆలోచన. మేగన్ రీపెన్‌హాఫ్ అనే ఆవిడ సయనోటైప్ పూసిన కాగితాల్ని తీసుకెళ్లి సముద్రం ఒడ్డున అలలకి అడ్డంగా పరుస్తుంది. అల, ఇసుక, ఉప్పు కలిసి బొమ్మ వేస్తాయి. పూర్తిగా కడగదు కూడా, అందుకని ప్రింట్లు తర్వాతా మారుతుంటాయి. ఆర్కే బీచ్‌లో మీ నాన్నమ్మ ప్రింటుని అలా చేస్తే? సముద్రం అవతల నుంచి వచ్చిన మనిషి కదా.

తెప్ప · ఆదివారం ఉదయం 10:32

నడిచి వచ్చారని మొదట్లోనే రాశారండీ. ఓడ కాదు. సముద్రం అందంగా ఉందని ప్రతిదాన్నీ అందులో ముంచకండి. కెమికల్ కూడాను.

చిత్తడిరంగు · ఆదివారం ఉదయం 10:40

నిజమే. తొందరపడ్డాను.

ఉప్పుగాలి · గురువారం రాత్రి 10:15

తాతగారూ, అడిగాను. రెండు రోజులు ఏమీ చెప్పలేదు నాన్న. నిన్న రాత్రి అన్నం తింటూ "మా అమ్మ అడ్డచుట్ట కాల్చేది" అన్నారు. నిప్పు నోట్లో పెట్టుకుని, అటు తిప్పి. రంగూన్ స్టూడియోవాడు తీసేయించి ఉంటాడు, ఫొటోలో ఆ జాడే లేదు. మా అత్తకి తెలుసట, పరువు తక్కువని ఎప్పుడూ చెప్పలేదు. నాన్నని దగ్గరకు తీసుకుంటే కొంగంతా పొగాకు వాసన వచ్చేదట. మొహం సరిగ్గా గుర్తులేదని కూడా అన్నారు. ఆ మాట ఇంతవరకు ఎప్పుడూ అనలేదు.

నీలం ప్రింటుని టీ డికాక్షన్‌లో ముంచి నల్లబరుస్తారని చదివాను. నేను చుట్టలు కొన్నాను. పూర్ణా మార్కెట్‌లో కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు. నీళ్లలో మరిగించి, చల్లార్చి, ప్రింటుని రాత్రంతా ఉంచాను. నలుపేం రాలేదు. నీలం కాస్త మురికిబారి, మొహం మీది తెల్లచోటు మాత్రం పాత పొగాకు రంగుకి తిరిగింది. ఆరి రెండు రోజులైనా వాసన పోలేదు.

ఫ్రేమ్ కట్టిస్తానంటే నాన్న వద్దన్నారు. గాజు వేస్తే వాసన రాదట.

హైపోతాత · గురువారం రాత్రి 10:40

గాజు లేకపోతే వానాకాలానికి బూజు పడుతుంది తల్లీ. చెప్పడం నా ధర్మం.

షట్టర్_శ్రీను · గురువారం రాత్రి 11:05

ఎన్ని చుట్టలు, ఎన్ని నీళ్లు? మా తాత ఫొటో ఒకటుంది.

ఉప్పుగాలి · గురువారం రాత్రి 11:09

మూడు చుట్టలు, అర లీటరు. కిటికీలు తీసిపెట్టుకోండి అన్నా, వదిన ఊరెళ్లినప్పుడు చేయండి.